పద్యమును పాడవలెనా, పలుకవలెనా?

బళ్ళారి తెలుగువారు నలుగురు చేరినచోట నాటకముల ప్రసంగము రాకమానదు; నాటకముల ప్రసంగము వచ్చినచోట తగవు రాకమానదు. పద్యమును రాగముతో సాగదీసి పాడువాడు నటుడా, భావమెరిగి పలుకువాడు నటుడా అనునదియే ఆ తగవు. మా కౌల్ బజారులో మొదటి పక్షమువారిని ‘రాగమువారు’ అనియు, రెండవ పక్షమువారిని ‘మాటవారు’ అనియు పిలుచుకొందుము. రాబోవు ఉగాదికి ఏమి ఆడవలెనను ప్రశ్న వచ్చినప్పుడు ఈ తగవు మరల తలయెత్తినది. ఇద్దరు పెద్దలు ఇప్పటికిని ఒకరి ఇంటి గడప మరియొకరు తొక్కుట లేదు. కావున ఈ విషయమును గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు ఈ సంచికలో వ్రాయుట యుక్తమని తలంచితిమి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకే చదివి, ముప్పది సంవత్సరములకు పైగా కచేరిలో గుమాస్తాపని చేసి విశ్రాంతి గైకొన్నవారము. అయినను రాత్రి తెల్లవార్లు మేలుకొని నాటకములు చూచుటలో ఎవరికిని తీసిపోము.

ఈ తగవునకు బళ్ళారియే పుట్టినిల్లని మేమన్నచో కోస్తావారు కోపగింపవచ్చును. కాని చరిత్ర మన పక్షముననే ఉన్నది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1886లో ఈ ఊరిలో సరసవినోదినీ సభను స్థాపించిరి. మరుసటి సంవత్సరమే వారి ‘చిత్రనళీయము’ రంగమెక్కినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తెలుగు నాటకమును ఆడించి అప్పటికి ఏడేండ్లు మాత్రమే అయినది. అదే 1880లో మహారాష్ట్రమున కిర్లోస్కరుగారి ‘సంగీత శాకుంతలము’ ప్రదర్శితమై దేశమును ఉర్రూతలూగించినది. మరాఠీ, పార్సీ నాటక మండలులు డేరాలు మోసికొని దక్షిణమున తిరుగాడిన కాలమది. బళ్ళారి ఆ దారిలోని ఊరు. ఆ గాలి ఇక్కడ సోకినది. ఆచార్యులవారు తెలుగు నాటకమున పాటలు ప్రవేశపెట్టిరి. నటునకు గాత్రము తప్పనిసరియైనది. ఇదే ఊరిలో కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపి చారిత్రక నాటకములకు దారితీసిరి. ఇరువురును వకీళ్ళే. పగలు న్యాయస్థానమున వాదములు, రాత్రులు రంగస్థలమున పోటీలు. ఈ ఊరి జనమునకు పక్షములు పట్టు అలవాటు ఆనాడే అబ్బినదని మా నమ్మకము.

ఇక రాఘవగారి సంగతి. తాడిపత్రి రాఘవాచార్యులవారు, అనగా లోకమెరిగిన బళ్ళారి రాఘవ, 1880లో జన్మించిరి. ధర్మవరమువారికి స్వయానా మేనల్లుడు. ఆయనయు న్యాయవాదియే. మేనమామగారి ‘ప్రహ్లాద’లో హిరణ్యకశిపుడుగను, కోలాచలమువారి ‘రామరాజు’లో పఠానుగను నటించి రెండు సభల అభిమానులను మెప్పించిన ఘనుడు. అట్టివాడు రంగస్థలమున సంగీతమునకు అంత చోటు తగదనెను. పద్యమును రాగము కొరకు కాక భావము కొరకు పలికెను. మేనమామ తెచ్చి నిలిపినదానిని మేనల్లుడు తొలగింపజూచెను. చదువరులు ఈ ఒక్క విషయమును మనస్సున ఉంచుకొనవలెను. ఏలయన, రాగమువారు ‘సంప్రదాయము, సంప్రదాయము’ అని దేనిని కాపాడజూచుచున్నారో, అది 1887లో మిక్కిలి క్రొత్త. ఆనాటి వృద్ధులు ‘నాటకమున ఈ పాటలేల?’ అని ముక్కుపై వ్రేలు వేసికొనియే యుందురు. మాటవారు ‘ఆధునికము’ అని దేనిని మెచ్చుకొనుచున్నారో, అది మన తాతలనాటిది; రాఘవగారు 1946 ఏప్రిల్ 16వ తేదీన గతించిరి. ఇరుపక్షములును పాతవే. ఏది ముందు, ఏది వెనుక అను వాదమున తేలునది ఏమియు లేదు.

స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని రాఘవగారు తెచ్చిన వాదము మరియొకటి గలదు. దానిలో ఆయనయే గెలిచెను. స్థానము నరసింహారావుగారి వంటి మహానటుడు, 1956లో పద్మశ్రీ బిరుదము పొందినవాడు, స్త్రీ పాత్రలకే తన జీవితమును ధారపోసినను, ఆ పద్ధతి ఆయన తరముతో దాదాపుగా ముగిసినది. ఆ తగవు ముగిసినది. పద్యపు తగవు ముగియలేదు. ఎందుచేత ముగియలేదో కొంచెము ఆలోచింపవలసియున్నది.

రాగము ఏల పెరిగెను? కళాభిరుచి వలన అని రాగమువారు చెప్పుదురు. పామరుల చప్పట్లకు ఆశపడి అని మాటవారు చెప్పుదురు. మా అభిప్రాయమున రెండును చాలవు. మైకు లేని దినములలో ఆరుబయట వేలాది జనము నడుమ నాటకము జరిగెడిది. మామూలుగా పలికిన మాట నాలుగు వరుసలు దాటుసరికి చెదరిపోవును. నిలుకడగా పట్టిన స్వరము చివరి వరుసలో గోడకు చేరబడి నిలిచినవానిని సైతము తాకును. కావున నటుడు ఎత్తైన శ్రుతిలో పాడెడివాడు. అది అవసరము. తరువాత మైకు వచ్చినది, అవసరము పోయినది, అలవాటు మిగిలినది. ఇప్పుడు మైకును నోటికి ఆనించుకొని, అదే ఎత్తైన శ్రుతిలో పాడుచుండగా ముందు వరుసలోని పసిపిల్లలు ఉలికిపడి ఏడ్చుట మేమెన్నియో పర్యాయములు చూచితిమి.

రెండవ కారణము కాంట్రాక్టు పద్ధతి. సభలు, సమాజములు నడచిన కాలమున నటులందరు కలిసి మాసముల తరబడి అభ్యాసము చేసెడివారు. కాంట్రాక్టు నాటకములు వచ్చిన పిమ్మట కాంట్రాక్టరు ఒక్కొక్క ఊరి నుండి ఒక్కొక్క పేరుగల నటుని మాటాడి తెచ్చును. కృష్ణుడొక ఊరివాడు, దుర్యోధనుడు మరియొక ఊరివాడు. ప్రదర్శనపు సాయంకాలము రంగు వేసికొనుచోటనే వారొకరినొకరు పలుకరించుకొందురు. ఇంక కలిసి నటించుట ఎట్లు? తనతో తెచ్చుకొన్న పద్యములు తప్ప నటుని చేతిలో వేరు పనిముట్టు లేదు. వడ్రంగి తన సంచి తాను తెచ్చుకొన్నట్లు, అతడు తన రాగములను తాను తెచ్చుకొనును. వీరందరిని ఒక త్రాటిపై నడుపువాడు హార్మోనిస్టు ఒక్కడే. అతనికి అందరి పద్యములును వచ్చును, మరచినవానికి అందించును, తడబడినవానికి స్వరము పట్టి కాచును. నిజమునకు కాంట్రాక్టు నాటకమునకు దర్శకుడు అతడే. అతని వాయిద్యమును పట్టి నాటకము నడచుటలో వింత ఏమున్నది? పేరుగల కృష్ణులు ముగ్గురు దొరికినచో పడక సీనుకు ఒకరు, రాయబారమునకు ఒకరు, యుద్ధరంగమునకు ఒకరు. జనము ముగ్గురిని తూకము వేసి చూచుటకే వచ్చును. అట్టిచోట రాగము పెరుగక తగ్గునా? రాఘవగారు వృత్తిచే వకీలు. చప్పట్లు పడకున్నను ఆయన పొయ్యిలోని పిల్లి లేవకపోదు. కాంట్రాక్టు నటునకు ఈ ఊరి చప్పట్లే పై ఊరి పిలుపు. రాఘవగారి నియమమును ఆయనతో సమానముగా ఇతరులపై రుద్దు మాటవారు ఈ తేడాను గమనింపరు.

ఇంతవరకు కారణములు. కారణము తెలిసినంతమాత్రమున దోషము గుణము కాదు. మా పేటలో 1980 ప్రాంతమున జరిగిన ఒక ‘కురుక్షేత్రము’ మాకు బాగుగా జ్ఞాపకమున్నది. రాయబారపు కృష్ణుడు మంచి గాత్రము గలవాడు. ఒక్క పద్యమునకు పదునెనిమిది నిమిషములు పట్టెను. మేము చేతి గడియారమును చూచియే చెప్పుచున్నాము. జనము ‘వన్స్ మోర్’ అని కేకలు వేసినది. మా ప్రక్కన కూర్చున్న కన్నడ మిత్రుడు మా చెవిలో ‘ఏన్ హేళిద్రు?’ అని అడిగెను. కృష్ణుడు చెప్పినదేమో ఆయనకు తెలుగులో సగము తెలియును. మేము మిగిలిన సగము చెప్పవలెను. కాని మొదటి పాదమునకును రెండవ పాదమునకును నడుమ నాలుగు నిమిషముల ఆలాపన గడచినది. కర్త ఎచ్చటనో, క్రియ ఎచ్చటనో. కచేరిలో కొన్ని ఫైళ్ళుండెడివి. అనుబంధములు పెరిగి పెరిగి అసలు అర్జీ ఏదో కనబడెడిది కాదు. ఆ పద్యమట్లున్నది.

దోషము రాగములో లేదు, రాగమును పెట్టు చోటులో ఉన్నది. దీనిని రాగమువారును మాటవారును పట్టించుకొనకపోవుట మాకు ఆశ్చర్యము. మన వృత్తములలో అర్థము పాదముతో ముగియదు. శార్దూలమున పందొమ్మిది అక్షరములు, ఉత్పలమాలయందును మత్తేభమునందును ఇరువది, చంపకమాలలో ఇరువదియొకటి. కవి వాక్యము ఈ గట్టులను దాటి ఏరువలె పారును. ఒక్కొక్కప్పుడు మాటయే రెండు పాదముల నడుమ చీలును. ‘సుయో’ అని ఒక పాదము ముగిసి, ‘ధనుడు’ అని తరువాతి పాదము మొదలైనదనుకొందము. గాయకుడు పాదాంతమున ఆగి ‘యో’ అను అచ్చును పట్టుకొని కొండలెక్కి లోయలు దిగి వచ్చుసరికి పాపము సుయోధనుడు రెండు ముక్కలైనాడు. భీముని గదకు పని లేకపోయినది. సీసపద్యమైనచో ఇంత బాధ లేదు. సీసమున ఒక్కొక్క దీర్ఘపాదము సాధారణముగా తనంతట తాను నిలుచును. నాలుగు పాదములు నాలుగు మెట్లు, ఆ వెనుక తేటగీతియో ఆటవెలదియో దిగుమెట్టు. మెట్టు మెట్టున ఆగి రాగము తీసినను అర్థము చెడదు. ఇక కందము చిన్నది, చురుకైనది. ఎదుటివాని మాటకు ఎదురుమాటగా విసరదగినది. కందమునకు ముందొక ఆలాపన, వెనుకొక ఆలాపన చేర్చుట పిట్టకు ఏనుగు అంబారీ కట్టినట్లుండును. రాగమువారు అన్ని పద్యములకు ఒకే కొలతతో రాగము కుట్టుచున్నారు. జీన్సు ప్యాంట్లు కుట్టు మా కౌల్ బజారులో చిన్న కుర్రవానికి కూడ తెలియును, నడుము కొలత అందరికి ఒకటి కాదని.

ఇట్లనుట చేత మమ్ము మాటవారిలో చేర్చుకొని వారు సంతోషింపనక్కరలేదు. వారి పద్యపఠనమును విన్నచో రాఘవగారి ఆత్మ ఏమనుకొనునో! భావముతో పలుకుట అనగా పద్యమును వచనముగా పరుగెత్తించుట అని వారి యూహ. యతి ఎచ్చట పడెనో తెలియదు, గురులఘువుల తేడా వినబడదు. సర్కారు ఉత్తరువు చదివినట్లు గడగడ చదివి, చివరి మాటపై మాత్రము గ్రుడ్లురిమి చూచుదురు. పద్యమునకు దాని నడకయే సగము అర్థము. ఆ నడక పోయిన తరువాత అది పద్యమెందులకు? వచనమే వ్రాయించుకొనవచ్చును. వారిలో ఒక తెగ ఆ మాటయే అనుచున్నది. సాంఘిక నాటకములు వచ్చిన పిమ్మట పద్యముతో పనిలేదని. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడినది మొదలు, 1943లో ప్రజానాట్యమండలి, 1947లో సుంకర, వాసిరెడ్డి గారల ‘మా భూమి’, ఆ పిదప ఆత్రేయగారి ‘ఎన్.జి.ఓ.’ వరకు వచన నాటకము చేసిన మేలు గొప్పది. గుమాస్తా బ్రతుకును రంగమెక్కించిన ‘ఎన్.జి.ఓ.’ను గుమాస్తాలమైన మేము కాదనగలమా? కాని ఒకటి వచ్చినదని మరియొకటి పోవలెనా? కన్నడమున కైలాసముగారు వచ్చి వచన నాటకములతో జనమును నవ్వించి ఏడ్పించిరి. కంపెనీ నాటకము అంతమాత్రమున చావలేదు.

‘సంప్రదాయము’ అను మాటను గూర్చి ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి ‘సత్యహరిశ్చంద్రీయము’లో కాటి సీను వచ్చినప్పుడు మా పేటలోని రాగమువారు కన్నీరు పెట్టుకొందురు. ఆ కన్నీరు నిజమైనది. కాని ఆ సీనులో వారిని ఎక్కువగా ఏడిపించు పద్యములు బలిజేపల్లివారివి కావు. గుఱ్ఱము జాషువగారి శ్మశానపు పద్యములను నటులు తెచ్చి అందు చేర్చుకొన్నారు. మూలగ్రంథమున ఒక అక్షరము మార్చినను ఒప్పుకొనమని పట్టుపట్టువారు, ఇంత పెద్ద చేర్పును సంప్రదాయముగా నెత్తిన పెట్టుకొన్నారు. మంచిదే. రుచించిన క్రొత్తను నాటకము తనలో కలుపుకొన్నది. అట్లయినచో, నేడు ఒక కుర్రవాడు ఒక ఆలాపనను తగ్గించినంతమాత్రమున ఆకాశము విరిగిపడినట్లు గగ్గోలు ఏల?

ఇట్టి తగవులు మనకే ప్రత్యేకమా అని చూడగా, కాదని తెలిసినది. అమెరికాలో నల్లజాతివారు సృష్టించిన జాజ్ సంగీతమును గూర్చి చదువునప్పుడు మాకు కౌల్ బజారే కనబడినది. 1940 తరువాత చార్లీ పార్కరు, డిజ్జీ గిలెస్పీ అనువారు బీబాప్ అను వేగవంతమైన, చిక్కులుగల క్రొత్తబాణీని తెచ్చిరి. న్యూ ఆర్లియన్సు నగరపు పాతబాణీయే జాజ్ అనియు, ఇది రణగొణధ్వని అనియు పాతవారు మండిపడిరి. క్రొత్తవారు ఆ పాతవారికి ‘బూజుపట్టిన అత్తిపండ్లు’ అని పేరు పెట్టిరట. పాతబాణీ వీరాభిమానులు అంతటితో ఆగక, బంక్ జాన్సను అను వృద్ధ వాద్యకారుని లూసియానా రాష్ట్రపు పల్లెపట్టున వెదకి పట్టుకొనిరి. ఆయనకు పండ్లూడి, వాద్యము పోయి చాలకాలమైనది. వారు ఆయనకు పండ్లు కట్టించి, వాద్యము కొనియిచ్చి, 1942లో రికార్డులు చేయించిరి. తమాషా ఏమనగా, అభిమానులు కోరినంత పాతగా వాయించుట ఆ వృద్ధునకే ఇష్టములేదు. అప్పుడప్పుడు క్రొత్తగా వచ్చిన జనాదరణగల పాటలను కూడ వాయింపబోయెడివాడు. కళాకారుని కంటె అభిమాని ఎక్కువ ఛాందసుడగుట సర్వత్ర ఉన్నదే. మనయందును, వేదికపై నిలుచువారు సర్దుకొందురు. క్రింద కుర్చీలలో కూర్చున్నవారే తన్నుకొందురు.

మధ్యేమార్గమునకు ఘంటసాలగారిని ఉదాహరణముగా చూపుట నేడు వాడుకయైనది. 1967లో వచ్చిన ‘శ్రీకృష్ణావతారము’ చిత్రమున తిరుపతి వేంకటకవుల నాటక పద్యములను ఆయన పాడిన తీరు వినని తెలుగువాడు లేడు. రాగమున్నది, మాట చెడలేదు, నిమిషము, నిమిషమున్నరలో పద్యము ముగియును. రాగమువారు దీనిని ‘సినిమా పద్యము’ అని ఈసడించుట అన్యాయము. ఆ మాటకు వచ్చినచో పాత గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషములకు మించి పట్టెడిది కాదు. రంగస్థలమున ఎంతసేపైనను పాడు నటులు రికార్డులలో అంతలోనే పద్యమును ముగించిరి. వారి కీర్తి తగ్గలేదు సరికదా, ఊరూర పాకినది. కావున కొలత తగ్గించుట సినిమావారు కనిపెట్టిన పాపము కాదు. అయితే ఘంటసాలగారిని చూపి రంగస్థలపు తగవు తీరినదనుట కూడ తప్పు. సినిమాలో పాడువాడొకడు, పెదవులు కదల్చువాడు మరియొకడు. రంగస్థలమున ఆ రెండు పనులును ఒక్క మనిషియే చేయవలెను. పాడుచునే ఎదుటి పాత్రను చూడవలెను, కోపము తెచ్చుకొనవలెను, అడుగు వేయవలెను. ఆ కష్టము వేరు. ఆ కష్టమే నాటకము.

ఇప్పుడు మూడవ పక్షమొకటి బయలుదేరినది. వీరు యువకులు, ఉత్సాహవంతులు. హార్మోనియము పాతబడినది, కీబోర్డు చాలును. కీబోర్డు కూడ ఏల, ముందే రికార్డు చేసిన ‘ట్రాకు’ పెట్టి పాడుదుమని వీరి వాదము. హార్మోనియమునకు పూర్వము కూడ కష్టములున్నవి. ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు దానిని బహిష్కరించినది. అయినను నాటకము దానిని విడువలేదు. ఎందుకనగా హార్మోనిస్టు నటుని నోరు చూచి వాయించును. నటుడు ఒక మాటపై ఆగినచో తానును ఆగును. ఊపిరి చాలనిచో ముందుగానే అందుకొనును. ట్రాకునకు కన్నులు లేవు. అది తన దారిని తాను పోవుచుండును, కృష్ణుడు దాని వెంట పరుగెత్తవలెను. గత సంవత్సరమొక ఊరిలో ఇట్టి ప్రదర్శనమును చూచితిమి. ట్రాకు ముగిసినది, పద్యము ముగియలేదు. అంతకంటె చెప్పనక్కరలేదు. కీబోర్డు సంగతి వేరు. వాయించు మనిషి ఉన్నచో అది ఏ వాద్యమైన నేమి?

ఇంత తర్కము దేనికి, నాటకము వేడుకకే గదా అని అనువారున్నారు. ఇతర ప్రాంతములలో వేడుకయే కావచ్చును. మన సంగతి అట్లు కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోయినవి, బళ్ళారి మైసూరునకు వచ్చినది. మనము కదలలేదు, ఎల్లయే మనపైనుండి నడచిపోయినది. దానిపై మాకు ఫిర్యాదు లేదు. కన్నడమున అన్నము తిన్నాము, కన్నడమున టిప్పణులు వ్రాసితిమి, కన్నడిగులతో వియ్యమందితిమి. కాని మా వీధిలోని పిల్లలకు తెలుగు చెవికి తెలియును, కంటికి తెలియదు. ఇంటిలో అవ్వతో మాటాడుదురు. పుస్తకము చేతికిచ్చినచో తలక్రిందులుగా పట్టుకొనినను వారికి తేడా లేదు. అట్టి పిల్లలకు వంటయింటి తెలుగును మించిన తెలుగు చెవిని పడు చోటు ఏది? సినిమా ఒకటి, పద్యనాటకము ఒకటి. పద్యమును రాగమున ముంచివేసినచో వారికి స్వరము వినబడును, మాట వినబడదు. పద్యమును తీసివేసినచో వారికి ఏమియు వినబడదు. రాగమువారును మాటవారును చప్పట్ల లెక్కలు చూచుకొనుచున్నారుగాని, ముందువరుసలో చాపపై కూర్చున్న ఈ పిల్లల లెక్క ఎవరును చూచుటలేదు. మా పట్టుదల అంతయు దీనికొరకే.

మరి ఎట్లు పాడవలెను? దీనికి దూరము పోనక్కరలేదు. మన ఇరుగింటిలోనే జవాబున్నది. కన్నడిగులకు గమకమను కళ కలదు. కుమారవ్యాసుని భారతమును, లక్ష్మీశుని జైమినీ భారతమును గమకి రాగముతో చదువును. వ్యాఖ్యాత అర్థము చెప్పును. గమకి రాగము తీయడా? తీయును. కాని మాటను విరువడు. అన్వయము ఎచ్చట ముగియునో అచ్చటనే ఆగును. పదవిభాగము చెవికి తేటగా తెలియునట్లు చదువుట గమకమునకు మొదటి నియమము. అక్షరములు రాని పల్లెజనము తరతరములుగా ఆ షట్పదులను విని భారతమును నేర్చినది. రాఘవగారి సహచరుడై తెలుగు కన్నడములు రెంటియందును నటించిన జోళదరాశి దొడ్డనగౌడగారు గమకమునందును ప్రసిద్ధులు. రాఘవగారి వద్ద నటనము నేర్చినవారికి గమకము సహజముగా అమరుట యాదృచ్ఛికము కాదని మా అభిప్రాయము. మాట మీది గౌరవమే రెంటికిని మూలము. మన వృత్తములు వారికి క్రొత్తవి కావు. పంపకవి వాడిన ఉత్పలమాల, చంపకమాల, కందములే నన్నయగారును వాడిరి. మన నటులు ఒక మాసము ఒక మంచి గమకి ముందు కూర్చుండినచో నామోషి ఏమియు లేదు. రాగమువారిలో ఒకరు ఈ మాట విని ‘తెలుగు పద్యమును కన్నడిగుల వద్ద నేర్చుకొనవలెనా?’ అని అడిగిరి. తెలుగు నాటకమున పాటను మరాఠీల వద్ద నేర్చుకొన్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడేల?

ధర్మవరమువారి ‘ప్రహ్లాద’ సురభివారి ప్రదర్శనముల మూలమున 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు ఆధారమైనది. అనగా తెలుగు సినిమా మొదటిసారి నోరు తెరచినప్పుడు పలికినది మన ఊరి నాటకము. ఈ సంగతి చెప్పుకొని మురియుటలో రాగమువారును మాటవారును ఏకమగుదురు. ఆ ఒక్క ఘడియ మా అరుగుపై శాంతి ఉండును. కాని ‘ప్రహ్లాద’ను పూర్తిగా ఆడుటకు ఇప్పుడు మనవద్ద నటులు లేరు. ఉన్నది ఆడవలెను.

కావున రాబోవు ఉగాదికి ‘పాండవోద్యోగము’ నుండి పడక సీను, రాయబారము మాత్రము గంటన్నరలో ఆడుట మంచిదని కార్యవర్గమునకు వ్రాసియిచ్చితిమి. పద్యము ఒక్కటియు తీయరాదు; ఏ పద్యమునకును మూడు నిమిషములు మించరాదు; సీసమునకు మాత్రము కొంత సడలింపు. అభ్యాసము మొదలిడుటకు పూర్వము ప్రతి నటుడును తన పద్యములకు అర్థమును రాగము లేకుండ హార్మోనిస్టునకు మామూలు మాటలలో చెప్పవలెను. చెప్పలేనిచో ఆ వారము పాడుటకు వీలులేదు. పిల్లలకు పంచు కాగితములపై పద్యములను తెలుగు లిపిలో ఒక వైపు, కన్నడ లిపిలో ఒక వైపు అచ్చువేయింపవలెను. కన్నడ లిపి వైపు అచ్చుతప్పులు దిద్దుటకు మేము ఒప్పుకొన్నాము. హార్మోనిస్టును ఆదోని నుండి పిలిపింతుము. ఆయన రానుపోను ఖర్చులు ఎవరు భరింతురో ఇంకను తేలలేదు. కృష్ణుని పాత్రకు నలుగురు పేర్లిచ్చినారు. ధృతరాష్ట్రుని పాత్రకు ఇంతవరకు ఒక్కరును ముందునకు రాలేదు. ఆసక్తిగలవారు ఏ పక్షమువారైనను సరియే, కార్యదర్శిగారికి తెలుపవలెను.